రాని జబ్బుకి రోజూ ఒక మాత్ర

ఆ రోజు నాకు ఒంట్లో ఏమీ అనిపించలేదు. తల తిరగలేదు, నొప్పి లేదు, నీరసం కూడా లేదు. తేడా కనిపెట్టింది నర్సు. నా చేతికి బీపీ పట్టీ చుట్టి, నంబరు చూసి, "కాలు మీద కాలు తీసేసి కూర్చోండి, ఇంకోసారి చూద్దాం" అంది. రెండోసారీ పై నంబరు నూట ముప్ఫై ఎనిమిది. "లిటిల్ బోర్డర్‌లైన్" అని కంప్యూటర్లో కొట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నాకప్పుడు మూడో నెల. ఆ గదిలో గోడమీది గర్భసంచి బొమ్మ చూస్తూ ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏమీ అనిపించని మనిషికి ఏదో ఉందని చెబితే ఏం చేయాలో ఎవరికి తెలుస్తుంది?

నా పేరు హైమ. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. మా ఆయన శ్రీకాంత్‌ది వరంగల్, నాది ఏలూరు దగ్గర. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, రెండుసార్లు ఐవీఎఫ్ ఫెయిలై, మూడోసారి నిలబడిన కడుపు ఇది. అప్పటికి నాకు ముప్ఫై ఏడు. ఈ సంగతంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ బిడ్డ పోతే ఇంకో బిడ్డ అనుకునే ఓపిక మా ఇద్దరిలో ఎవరికీ మిగల్లేదు.

మా ఓబీ, అంటే కాన్పుల డాక్టరు, మంచావిడే. కాని ఆవిడ ఒక చేయి ఎప్పుడూ తలుపు గొళ్ళెం మీదే ఉంటుంది. వయసు, మొదటి కాన్పు, ఐవీఎఫ్ అని వేళ్ళు మడిచింది. "మీ అమ్మగారికి గానీ, అక్కచెల్లెళ్ళకి గానీ గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా?" అని అడిగింది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, అమ్మకేమీ రాలేదు, మా ఇంట్లో ఎవరికీ లేదు అన్నాను. "ఓకే. స్టార్ట్ బేబీ ఆస్ప్రిన్. ఎయిటీ వన్ మిల్లీగ్రామ్స్, ఎవ్రీ డే, అంటిల్ యూ డెలివర్. ప్రీఎక్లాంప్సియా రిస్క్ తగ్గిస్తుంది. ఎనీ క్వెశ్చన్స్?" అంది. ప్రశ్న ఏమిటో ఆలోచించుకునే లోపు తలుపు మూసుకుంది.

ప్రిస్క్రిప్షన్ లేదు. షాపులో దొరుకుతుంది, కొనుక్కోమన్నారు. సరే, వెళ్ళాను. సీసా మీద గుండె బొమ్మ. వెనక్కి తిప్పితే సన్నటి అక్షరాల్లో, గర్భిణులు డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప వాడకూడదు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో అని హెచ్చరిక. డాక్టరేమో కాన్పు దాకా వేసుకోమంది. సీసాయేమో చివర్లో అసలే వద్దంది. కౌంటర్‌లో ఫార్మసిస్టుని అడిగితే, "మీ డాక్టర్ చెబితే వేసుకోవచ్చు" అన్నాడు. డాక్టరాఫీసు పోర్టల్లో మెసేజ్ పెడితే, "మీ డాక్టర్ సూచనలు పాటించండి" అని జవాబు. అందరూ చేతులు దులుపుకున్నారు. నాకు కావల్సింది ఒక్క వాక్యం: ఇది ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, నాకే ఎందుకు. ఆ వాక్యం నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఆఫీసు పనిలో పడి వెతకనూ లేదు. రాత్రి భోజనమయ్యాక మాత్ర వేసుకోవడం మాత్రం మొదలుపెట్టాను.

ఐదో నెలలో అమ్మ వచ్చింది. అమ్మ రిటైరైన తెలుగు టీచరు. దిగిన మర్నాడే వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది. దాంతోపాటు నా మాత్రలు కూడా. ఐరన్, కాల్షియం, విటమిన్లు, ఈ ఆస్ప్రిన్. రాత్రి పాలగ్లాసుతోపాటు ఒక చిన్న స్టీలు గిన్నెలో వేసి తెచ్చేది. నేను ఇండియా టీమ్‌తో కాల్‌లో ఉండేదాన్ని. మ్యూట్‌లో పెట్టి, గిన్నె నోట్లో ఒంపుకుని, పాలు తాగేసేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత ఒకరు నాకు మాత్రలు తెచ్చిస్తున్నారంటే ఎంత హాయిగా ఉండేదో.

ఒకరోజు సీసా పట్టుకుని వచ్చింది.

"ఈ బుల్లి మాత్ర దేనికే?"

"బీపీకమ్మా."

"నీకు బీపీ లేదన్నావుగా?"

"లేదు. రాకుండా ఉండటానికి."

"లేని జబ్బుకి మందేంటే? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ డాక్టరు వరస. ఇదిగో, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదని సీసా మీద వాడే రాశాడు, చదివావా?"

"చదివానమ్మా. డాక్టర్ చెప్పింది, వేసుకుంటున్నా. నాకు మీటింగుంది."

అక్కడితో ఆ సంభాషణ అయిపోయింది. సీసా మీద ఉన్నదాన్ని కాదనడానికి నా దగ్గర ఉన్నవి రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలే చెప్పాను.

ఏడో నెలలో మా ఇంట్లోనే చిన్నగా గాజులు తొడిగే వేడుక పెట్టింది అమ్మ. కాలనీలో తెలుగువాళ్ళు ఒక పాతికమంది వచ్చారు. వాళ్ళలో మూర్తి అంకుల్ ఒకరు. ఎప్పుడో డెబ్భైల్లో వచ్చి స్థిరపడిన డాక్టరు, రిటైరై చాలా కాలమైంది. మా చుట్టుపక్కల ఎవరికి తలనొప్పొచ్చినా ముందు ఫోన్ వెళ్ళేది ఆయనకే. ఇంగ్లిషు డాక్టరుకి కారు వేసుకుని వెళ్ళాలి, అపాయింట్‌మెంట్ కావాలి, సగం అర్థం కాదు. ఈయనైతే తెలుగులో చెబుతాడు, పైగా పులిహోర తింటూ చెబుతాడు. ఆయన కంటి డాక్టరన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అమ్మ ఆయనకి రెండోసారి పులిహోర వడ్డిస్తూ అడిగింది. "డాక్టరు గారూ, మా అమ్మాయికి ఆస్ప్రిన్ ఇచ్చారండీ. మంచిదేనంటారా?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఆస్ప్రినా? ప్రెగ్నెంట్ లేడీకా? మా రోజుల్లో ముట్టుకోనిచ్చేవాళ్ళం కాదమ్మా. రక్తం పల్చబడుతుంది. డెలివరీ టైంలో బ్లీడింగ్ ఆగకపోతే చాలా కష్టం."

"అంకుల్, ఇది లో డోస్. మా ఓబీ చెప్పింది" అన్నాను, చేతినిండా పసుపుతో.

"అది నిజమేననుకో. మీ ఓబీ ఇష్టం. నేను జనరల్‌గా చెబుతున్నా" అని పెరుగన్నం వైపు వెళ్ళిపోయాడు.

ఆయనకది జనరల్. మా అమ్మ మొహం మాత్రం పాలిపోయింది. ఎండకి కళ్ళు తిరిగాయేమో అనుకున్నాను, ఇంట్లో ఏసీ ఉందన్న సంగతి మర్చిపోయి. అందరూ వెళ్ళాక నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"హైమా, నా మాట విను. ఆ మాత్ర మానెయ్యమ్మా."

"మళ్ళీ మొదలెట్టావా? ఆయన కళ్ళ డాక్టరమ్మా!"

"ఏ డాక్టరైతే ఏం? రక్తం పల్చబడుతుందన్నాడు. నీకు తెలీదే..."

"ఏం తెలీదు? చెప్పు మరి."

చెప్పలేదు. చెప్పబోయి, నా పొట్ట వంక చూసి, నోరు మూసుకుంది. శ్రీకాంత్ కలగజేసుకున్నాడు. "ఏం కాదు అత్తమ్మా. డాక్టర్ చెప్పింది కదా, మంచిగనే ఉంటది. మీరు టెన్షన్ పడకుండ్రి."

"సరే బాబూ" అని లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. అమ్మ ఇక మాట్లాడకపోతే ఒప్పుకుందనుకున్నాను. గిన్నె రోజూ వస్తూనే ఉంది, నేను ఒంపుకుంటూనే ఉన్నాను.

ఎనిమిదో నెల మొదట్లో పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదంటే, "అందరికీ ఉండేదేగా" అన్నారు ఫ్రెండ్స్. మొహం ఉబ్బితే, "కళ వచ్చింది, ఆడపిల్లే" అన్నారు. అమ్మ బార్లీ నీళ్ళు కాచి పోసింది, కూరల్లో ఉప్పు తగ్గించింది. అపాయింట్‌మెంట్‌కి వెళితే పై నంబరు నూట యాభై దాటింది, యూరిన్లో ప్రొటీన్ కనిపించింది. రక్తం తీశారు.

"ఆస్ప్రిన్ వేసుకుంటున్నారా?" అని అడిగింది ఓబీ, గొళ్ళెం మీద చెయ్యి లేకుండా మొదటిసారి.

"ఒక్కరోజు కూడా మానలేదు" అన్నాను గట్టిగా.

"గుడ్. ఇంట్లో బీపీ మిషను పెట్టుకోండి. పై నంబరు నూట అరవై గానీ, కింది నంబరు నూట పది గానీ దాటితే వెంటనే రండి. తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కుడిపక్క డొక్క కింద నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఫోన్ చేసి పర్మిషన్ అడగొద్దు, బయల్దేరండి" అంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఏం చేయలేదు నేను? కాఫీ మానేశాను. నడవమంటే నడిచాను. మాత్రలన్నీ వేసుకున్నాను. అన్నీ చెప్పినట్టు చేసినా ఈ దిక్కుమాలిన జబ్బు వచ్చి కూర్చుంటే ఇక ఎవరి మాట వినాలి? శ్రీకాంత్ "తగ్గుతది తియ్, ఆలోచించకు" అంటే ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అతని మీద విరుచుకుపడ్డాను. పాపం, బీపీ మిషను పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వారం తిరక్కుండా, పొద్దున ఆఫీసు కాల్‌లో ఉండగా, స్క్రీన్ మీద ఒక మూల నుంచి మెరుపులు మొదలయ్యాయి. అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి. వెనక తల పగిలిపోతోంది. మిషను పెట్టి చూస్తే నూట డెబ్భై రెండు మీద నూట పన్నెండు. ఇంకోసారి చూద్దామన్నాడు శ్రీకాంత్. "ఇంకోసారి ఏంటి? కారు తియ్!" అని అరిచాను. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కింది.

హాస్పిటల్లో ఇక ఎవరూ తీరిగ్గా లేరు. "సివియర్ ప్రీఎక్లాంప్సియా" అన్నారు, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు, అదీ తీవ్రంగా. బీపీ తగ్గడానికి నరంలోకి మందు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం. అది ఎక్కుతుంటే ఒళ్ళంతా లోపల్నుంచి మంట పెట్టినట్టు ఉంటుంది, నాలుక మందమవుతుంది, చెయ్యెత్తబుద్ధి కాదు. బేబీ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. ప్లేట్‌లెట్స్ తగ్గుతున్నాయి, ఎక్కువ రోజులు ఆగలేకపోవచ్చు అన్నారు. నా పొట్టకి కట్టిన మానిటర్లో బిడ్డ గుండె చప్పుడు వింటూ పడుకున్నాను. ఆ చప్పుడు కాస్త నెమ్మదిస్తే చాలు, నా ప్రాణం పోయేది.

మధ్యాహ్నం ఎనస్తీషియా డాక్టరు వచ్చాడు. ఆపరేషన్ అవసరమైతే వెన్నుకి మత్తు ఇవ్వాలి కాబట్టి కొన్ని ప్రశ్నలడగాలన్నాడు. ఎలర్జీలు, పాత ఆపరేషన్లు, ఆ తర్వాత, "బ్లడ్ థిన్నర్లు ఏమైనా? ఆస్ప్రిన్? చివరి డోసు ఎప్పుడు?"

"నిన్న రాత్రి" అన్నాను.

మూల కుర్చీలో కూర్చున్న అమ్మకి ఆస్ప్రిన్ అన్న మాట అర్థమైంది. లేచి నిలబడింది.

"లేదు" అంది తెలుగులో. "నిన్న వెయ్యలేదు."

"వేసుకున్నానమ్మా, నువ్వేగా తెచ్చిచ్చావ్."

"గిన్నెలో అది వెయ్యలేదే. గాజుల రోజు నుంచీ వెయ్యడం లేదు."

శ్రీకాంత్ తల వంచుకుని ఆ డాక్టరుకి ఇంగ్లిషులో చెప్పాడు. ఆయన, "దట్స్ ఫైన్. ఆ చిన్న డోసు వేసుకున్నా మాకు ఇబ్బంది లేదు, తెలుసుకోవాలి కాబట్టి అడిగాను" అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ 'ఇబ్బంది లేదు' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. మూర్తి అంకుల్ భయపెట్టింది సరిగ్గా దాని గురించే కదా!

"నా బిడ్డమ్మా ఇది!" అని అరిచాను. మెగ్నీషియం వల్ల అరుపు కూడా ముద్దముద్దగా వచ్చింది. "ఎన్నేళ్ళకి వచ్చిందో నీకు తెలుసు. ఎంత ధైర్యం నీకు? నన్నడక్కుండా నా మాత్ర తీసేస్తావా? నువ్వు డాక్టరువా? ఆ పులిహోర డాక్టరు చెబితే వేదమా?" బీపీ మిషను గంట కొట్టడం మొదలుపెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి అమ్మని కాసేపు బయట కూర్చోమంది. శ్రీకాంత్ వెంట వెళ్ళాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

సాయంత్రం హై రిస్క్ డాక్టరు, అంటే ప్రమాదం ఎక్కువున్న కాన్పులు చూసే ఆవిడ, వచ్చింది. పొడుగాటి నల్లావిడ, నెమ్మదైన గొంతు. జరిగింది నర్సు ద్వారా వినే వచ్చినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్ని నెలల్లో నా ముందు కూర్చున్న మొదటి డాక్టరు ఆవిడే. "మీ అమ్మగారిని నేనే అడగొచ్చా? ఏదో భయం ఉండి ఉంటుంది" అంది. అమ్మని లోపలికి పిలిచారు. ఎందుకు తీసేశారని ఆవిడ అడిగితే, శ్రీకాంత్ తెలుగులో అడిగాడు.

అమ్మ నా వంక చూసింది. "దీని ముందు చెప్పలేను బాబూ. కడుపుతో ఉన్న పిల్ల ముందు అలాంటివి అనకూడదు."

"ఇంకా ఏం మిగిలిందని? చెప్పమ్మా" అన్నాను గోడ వైపు నుంచే.

చెప్పింది. మా పెద్దమ్మ, అమ్మ సొంత అక్క, నేను పుట్టక ముందే పోయింది. జ్వరమొచ్చి పోయిందని మాకు చెప్పారు. జ్వరం కాదు. తొలికాన్పు. గవర్నమెంటు ఆసుపత్రిలో. అమ్మ అప్పటికి స్కూల్లో చదువుతోంది, అక్కకి సాయం పడుకుంది. "రక్తం ఆగలేదండీ. పక్కగుడ్డలు మార్చింది నేనే. ఎన్ని మార్చినా మళ్ళీ తడిసిపోయేవి. బిడ్డా దక్కలేదు, అక్కా దక్కలేదు. ఈ మాత్రతో రక్తం పల్చబడుతుందని ఆ డాక్టరు గారంటే నాకు ఆ గుడ్డలే కనపడ్డాయి. దానికి చెప్తే భయపడుతుంది. చెప్పకపోతే వినదు. అందుకని తీసేశాను."

శ్రీకాంత్ ఇంగ్లిషులోకి మార్చాడు. డాక్టరు అడగడం మొదలుపెట్టింది. "రక్తం పోవడానికి ముందు ఏమైంది? గుర్తుందా? ఒళ్ళు వాచిందా?"

"వాచిందండీ. మొహం గుర్తు పట్టలేనట్టు ఉబ్బింది. నీరు పట్టిందన్నారు."

"తలనొప్పి?"

"రెండు రోజులు తల కట్టుకుని పడుకుంది."

"కళ్ళు?"

"మసకలన్నది. దీపం పెట్టమంది, పట్టపగలు."

"ఫిట్స్ వచ్చాయా?"

అమ్మ తలూపింది. "కొట్టుకుందండీ. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. గాలి సోకిందని విభూతి తెచ్చారు. ఆ తర్వాతే రక్తం."

శ్రీకాంత్ ఈసారి మార్చలేకపోయాడు. నేనే చెప్పాను, నాలుక తిరక్కపోయినా. డాక్టరు నా మంచం కమ్మీ మీద చెయ్యి వేసింది. అప్పటి కాగితాలు లేకుండా ఖాయంగా చెప్పలేను, కాని వింటుంటే ఎక్లాంప్సియాలాగే ఉంది అంది. ఇప్పుడు నాకున్న జబ్బే ముదిరితే అది. ఆ రక్తం కూడా దానివల్లే పోయి ఉండవచ్చు. ఆస్ప్రిన్ ఇచ్చేది ఆ జబ్బు వచ్చే అవకాశం తగ్గించడానికే.

ఇది అమ్మకి తెలుగులో చెప్పాల్సింది నేను. ఎలా చెప్పను? మెల్లగా చెప్పే ఓపిక లేదు. చెప్పేశాను. "పెద్దమ్మని తీసుకుపోయింది ఇదేనమ్మా. నువ్వు తీసేసిన మాత్ర దీనికే."

అమ్మ మంచం పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడింది.

"మరి ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదే! బీపీకన్నావు. రాకుండా అన్నావు. ఏది రాకుండా? అక్కకొచ్చింది రాకుండా అని చెప్తే నా చేత్తో నేనే వేసేదాన్ని కదే, నువ్వొద్దన్నా వేసేదాన్ని!"

"నాకు మాత్రం ఎవరు చెప్పారమ్మా? పెద్దమ్మకి జ్వరమన్నారు. మా డాక్టర్‌కీ అలాగే చెప్పాను, మన ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని!"

ఇద్దరం ఏడ్చాం అప్పుడు, ఒకరి మీద ఒకరికి కోపం తగ్గకుండానే.

"ఆ మాత్ర మానకుండా వేసుకుని ఉంటే ఇది వచ్చేది కాదా?" అని డాక్టర్ని అడిగాను. నాకు ఒక జవాబు కావాలి. అవునంటే అమ్మని తిట్టుకుంటాను, కాదంటే క్షమిస్తాను. ఆవిడ రెండూ అనలేదు. "ఎవరూ చెప్పలేరు. అది అవకాశం తగ్గిస్తుంది, పూర్తిగా లేకుండా చేయదు. ఒక్క మాత్ర కూడా మానకుండా వేసుకున్నవాళ్ళకీ రావచ్చు. మీ అమ్మగారి వల్ల వచ్చిందని నేననను, మీరూ అనుకోవద్దు" అంది. నాకిప్పటికీ ఆ జవాబు మింగుడుపడదు.

రెండు రోజులకి ప్లేట్‌లెట్స్ ఇంకా పడిపోయాయి, బేబీ గుండె చప్పుడు తగ్గింది. సిజేరియన్ చేసేశారు. పాప. నాలుగు పౌన్లు కూడా లేదు. ఒక్కసారి నా మొహం దగ్గరికి తెచ్చి చూపించి ఎన్ఐసీయూకి, అంటే కింది అంతస్తులోని పసిపిల్లల ఐసీయూకి తీసుకుపోయారు. మెగ్నీషియం ఆపేదాకా నన్ను కిందికి తీసుకెళ్ళలేదు. ఫోన్లో ఫొటోలు చూపించేవాడు శ్రీకాంత్. "ఏడ్చింది హైమా, మస్తు గట్టిగ ఏడ్చింది" అని వచ్చి చెప్పి తనూ ఏడ్చాడు.

కాన్పు అయిపోతే జబ్బు పోతుందనుకున్నాను. అందరూ అదే చెప్పారు. నేను ఇంటికొచ్చాను, పాప ఇంకా ఎన్ఐసీయూలోనే ఉంది, రోజూ కారులో వెళ్ళి రావడమే. మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ తలనొప్పి. నిద్ర లేక అనుకున్నాను. అమ్మ బీపీ మిషను తెచ్చి నా చేతికి కట్టింది. నూట అరవై నాలుగు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మళ్ళీ హాస్పిటల్, మళ్ళీ మందులు, పాప ఒక అంతస్తులో, నేను ఇంకో అంతస్తులో. కాన్పు తర్వాత కూడా బీపీ ఇలా ఎగబాకుతుందని డిశ్చార్జి కాగితాల్లో ఉందట. కుట్లు లాగుతుంటే, రొమ్ములు సలుపుతుంటే ఆ కాగితాలు ఎవరు చదువుతారండీ?

మందులు కొన్ని వారాలు వాడి మెల్లగా మానేశాను. పాపని ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి ఏడాదిన్నర. సోఫా ఎక్కి దూకుతుంది, ఎవరి మాటా వినదు. నాకు ప్రతి ఏడూ బీపీ, గుండె చూపించుకోమన్నారు. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్ళకి ముందు ముందు గుండె జాగ్రత్త అవసరమట. ఆ మాట కూడా నేనడిగితే చెప్పారు. అమ్మ ఏలూరు వెళ్ళిపోయింది. రోజూ వీడియో కాల్ చేస్తుంది. కోపం పోయిందా అని అడగకండి. కొన్ని రోజులు ఉండదు, కొన్ని రోజులు ఉంటుంది.

మూర్తి అంకుల్ ఒక పుట్టినరోజు పార్టీలో కనిపిస్తే జరిగిందంతా చెప్పాను. "ఓహో, గైడ్‌లైన్స్ మారాయన్నమాట" అన్నాడు. "మీ రోజులు అయిపోయాయి అంకుల్, ఇక కళ్ళ గురించే చెప్పండి" అన్నాను. శ్రీకాంత్ నా చెయ్యి గిల్లాడు. గిల్లనీ.

మొన్న మా మామయ్య కూతురు రమ్య ఫోన్ చేసింది, రెడ్‌మండ్ నుంచి. దానికి మూడో నెల.

"వదినా, ఏలూరు అత్త నిన్న ఫోన్ చేసి పెద్దత్త ఎలా చచ్చిపోయిందో మొత్తం చెప్పింది. వాపులు, ఫిట్స్, రక్తం, ఏదీ వదల్లేదు. స్పీకర్లో ఉంది, మా అత్తగారు విన్నారు. కడుపుతో ఉన్న పిల్లకి చెప్పే మాటలా ఇవి, బుద్ధుందా ఆవిడకి అని గొడవ. నాకు రాత్రంతా నిద్ర లేదు, భయమేసింది."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చెప్పలేకపోయిన మాట అమ్మ దానికి చెప్పింది.

"భయపడు" అన్నాను. "పడి, ఈ వారం మీ డాక్టర్ దగ్గరికెళ్ళి పెద్దమ్మ సంగతి చెప్పు. నాకు ఆస్ప్రిన్ కావాలా వద్దా, ఎందుకు అని అడుగు. నీ అంతట నువ్వు కొనుక్కుని మింగకు, ఆవిడ చెప్పాకే. ఎందుకో అర్థమయ్యేదాకా ఆ గదిలోంచి లేవకు."

"సరే వదినా."

"ఒక్కదానివే వెళ్ళకు. మీ అత్తగారిని కూడా తీసుకెళ్ళు. రేపు నీకు గిన్నెలో మాత్రలు వేసేది ఆవిడేగా."